నీలవజ్రము

మన యిండ్లలో నీలము పొదిగిన యుంగరము కొనవలసి వచ్చినపుడు జరుగు తంతు చదువరు లందఱు నెఱిగినదే. కంసాలి తెచ్చిన రాతిని మొదట తలగడ క్రింద నుంచుకొని మూడు రాత్రులు నిద్రింతురు. చెడుకల రాకున్న రాయి మనకు పడినదందురు. వచ్చెనా, మఱునాడే అది కంసాలి యింటికి మరలిపోవును. ఆ మూడు దినములలో ఇంట నెవరికి జ్వరము తగిలినను, పాలు విఱిగినను, పిల్లవాడు మెట్లమీదనుండి జాఱిపడినను నేరమంతయు నోరులేని యా రాతిదే. మేమీ వ్యాసమున చెప్పబోవునది ఆ నీలమును గూర్చి కాదు. నీలమువంటి వన్నె గలిగియు నీలము కాని వేఱొక రత్నమును గూర్చి. అయినను ఈ తలగడ పరీక్షను మొదటనే తలచుటకు కారణము గలదు. మన తెలుగునేలనుండి వెడలినదని చెప్పబడు నీలవజ్ర మొకదానిని లోకమంతయు నిట్లే తలగడ క్రింద బెట్టుకొని నూఱేండ్లకు పైగా చెడుకలలు కనుచున్నది. ఆ కలలలో బడి, ఆ రాతికి నిజముగా సంబంధించిన మనుష్యులను మఱచినది.

ముందుగా వస్తువు నెఱుగుదము. నీలము వేఱు, నీలవజ్రము వేఱు. నీలమును కెంపును ఒక తల్లి బిడ్డలు. అల్యూమినియము, ఆక్సిజను కలిసి యేర్పడిన కురువిందజాతి రాళ్లు. అందు ఇనుమును టైటానియమును లేశమాత్రముగా చేరుటచే నీలమునకు నీలివన్నె వచ్చును. వజ్రమన్ననో శుద్ధమైన కర్బనము. మన పొయ్యిలోని బొగ్గునందును, పెన్సిలులోని నల్లకడ్డియందును ఉన్న పదార్థమే వజ్రమునందును ఉన్నది. పరమాణువుల కూర్పులోనే భేదమంతయు గలదు. వజ్రములలో బహుభాగము భూమి లోపల 150 మొదలు 200 కిలోమీటరుల లోతున, అపారమైన యొత్తిడికిని వేడికిని లోబడి పుట్టినవి. ఏ కాలముననో పెల్లుబికిన అగ్నిశిలాద్రవము వానిని పైకి దెచ్చినది.

ఇట్టి వజ్రమునకు నీలివన్నె యెట్లు వచ్చును? దానికి కారణము బోరాను అను మూలపదార్థము. ఇది మన మెఱుగని వస్తువు కాదు. కంసాలి బంగారమునకు అతుకు పెట్టునపుడు చల్లు వెలిగారమునందున్న దిదియే. వజ్రము పెరుగుచున్న కాలమున ఒక కర్బన పరమాణువు స్థానమున బోరాను పరమాణువు కూర్చున్నచో ఆ స్ఫటికము ఎఱ్ఱని వెలుగును కొంత తనలో నిముడ్చుకొని నీలికాంతిని విడిచిపెట్టును. కోటి కర్బన పరమాణువుల నడుమ బోరాను పరమాణువులు నాలుగైదున్నను వన్నె తేరుటకు చాలును. మఱియు సామాన్యమైన వజ్రము విద్యుత్తును ప్రవహింపనీయదు. బోరాను చేరిన వజ్రము ప్రవహింపనిచ్చును.

ఇందొక చిక్కు గలదు. బోరాను సముద్రజలమునందును, భూమి పైపొరయందును గలదు గాని, వజ్రములు పుట్టు లోతులలో మిక్కిలి యరుదు. పైనుండవలసినది క్రిందికెట్లు పోయెను? 2018లో కొందఱు శాస్త్రజ్ఞులు 46 నీలవజ్రములను పరీక్షించి, వానిలో చిక్కుకొన్న యితర ఖనిజముల నలుసులను శోధించి దీనికి సమాధానము ప్రకటించిరి. ఆ నలుసులను బట్టి చూడగా ఈ వజ్రములు కొన్ని 660 కిలోమీటరులకు మించిన లోతున పుట్టినవని తేలినది. సముద్రపు అడుగుననుండు శిలాఫలకములు నీటిలోని బోరానును పీల్చుకొని, యుగముల తరబడి మెల్లగా భూగర్భమునకు దిగిపోవుచుండును. అవియే ఆ బోరానును అంత లోతునకు చేర్చియుండునని వారి యభిప్రాయము. సముద్రపునీరు ఱాతిలో నింకుట, ఆ ఱాయి పాతాళమునకు దిగుట, అచ్చట వజ్రము పెరుగుట, ఆ వజ్రము చెడక మరల పైకి వచ్చుట, ఇవి యన్నియు కూడినగాని నీలవజ్రము లేదు. అందుచేతనే గనులనుండి తీసిన వజ్రములలో ఈ జాతివి పదివేలకు రెండు మించవు. వానిలోను కంటికింపైన నీలివన్నె గలవి మఱియు కొన్ని మాత్రమే. ఈ యరుదుదనము ప్రకృతి చేసినది; వర్తకుడు కల్పించినది కాదు.

అయితే యరుదుదనము వేఱు, గౌరవము వేఱు. గౌరవమును మనుష్యుడు పంచిపెట్టును. పంచునపుడు తన పక్షపాతములను గూడ దానితో కలిపి పంచును. మన పూర్వులు రత్నపరీక్షను శాస్త్రముగా నెంచి గ్రంథములు వ్రాసిరి. కాని వర్ణమను మాటకు రంగనియు కులమనియు రెండర్థము లుండుట రాళ్లకు గూడ చేటు తెచ్చినది. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో తెల్లని వజ్రము బ్రాహ్మణులకును, ఎఱ్ఱనిదియు పసుపువన్నెదియు క్షత్రియులకును, దిరిసెనపూవు వన్నెది వైశ్యులకును, కత్తివన్నెది శూద్రులకును తగునని విభజించెను. నేడు లోకమున మిక్కిలి పేరుగన్న నీలవజ్రమును పరీక్షించిన నిపుణులు దాని వన్నెను బూడిదచాయ కలిసిన గాఢనీలమని వ్రాసిరి. ఇది ఆ కత్తివన్నెయే యని మేము సాధింపబూనుట లేదు. తెలుపునకు తొలిపీటయు ఉక్కుచాయకు కడపటి పంక్తియు నిచ్చిన యా యేర్పాటును ప్రకృతి యెఱుగదనియు, నేటి యంగడి దానిని పూర్తిగా తలక్రిందు చేసినదనియు మాత్రము చెప్పుచున్నాము. రాతికే నిలువని కులము మనుష్యునకెట్లు నిలుచునో చదువరులే యోచింతురు గాక.

ఇక ఆ పేరుగన్న వజ్రము కథకు వత్తము. గోలకొండ వజ్రములని లోకమున ప్రసిద్ధి కలిగినను గోలకొండ కోటయొద్ద గని లేదు. అది రాజధానియు, అంగడియు. గనులు కృష్ణాతీరమునను, రాయలసీమయందును, మఱికొన్ని తావులను ఉండెను. 1720వ దశకమున బ్రెజిలు దేశమున వజ్రములు బయలుపడువఱకు, బోర్నియో ద్వీపమున దొరకిన కొలదిపాటివి తప్ప, లోకమునకు వజ్రము లిచ్చినది మన దేశమే. ఆ గనులలో మేటి కొల్లూరు. అది కృష్ణకు కుడిగట్టున, నేటి పల్నాడు జిల్లా ప్రాంతమున నుండిన గ్రామము.

17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియరు ఆఱుమార్లు తూర్పుదేశములకు ప్రయాణము చేసి, ఆ వృత్తాంతమును 1676లో ప్రకటించెను. కుతుబ్‌షాహీల యేలుబడిలో నున్న కొల్లూరు గనిని ఆయన కన్నులార చూచెను. చిరుధాన్యము విత్తుటకు నేల త్రవ్వుకొనుచున్న యొక పేదవానికి 25 కారట్ల రాయి దొరకుటచే ఆ గని బయల్పడినదని విని వ్రాసెను. తాను చూచునప్పటికి పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి 60,000 మంది అచ్చట పనిచేయుచుండిరని చెప్పెను. పురుషులు పది పండ్రెండడుగుల లోతున, నీరు పడువఱకు త్రవ్వుదురు. స్త్రీలును పిల్లలును ఆ మట్టిని మోసి గోడ గట్టిన దొడ్డిలో పోయుదురు. గోతిలో పడిన నీటినే కడవలతో తోడి ఆ మట్టిమీద పోసి బురదచేసి, నీరు విడిచి, ఎండనిత్తురు. ఎండిన దానిని మనము ధాన్యము చెఱుగునట్లు చెఱిగి, కఱ్ఱ రోకండ్లతో గడ్డలు చితుకగొట్టి, మరల చెఱిగి, ఒక్కొక్క ఱాతిని చేతితో వెదకుదురు. ఈ పద్ధతి చదివినపుడు మాకు గని కంటబడలేదు. మన పల్లెలోని కళ్లము కంటబడినది. చెఱుగుటయు, దంచుటయు, ఏఱుటయు మన యాడువారు తరతరములుగా నేర్చిన పనులు. లోకమునందలి రాజుల కిరీటములకు రాళ్లు సమకూర్చినది ఆ నేర్పే.

దానికి వారు పొందిన ప్రతిఫల మెంత? తాను చూచిన మఱియొక గనిలో, పనియందు మిక్కిలి నేర్పరులైనవారికే యేడాదికి మూడు వరహాలు కూలి యని టావెర్నియరు వ్రాసెను. పెద్దరాయి దొరకి యజమానునకు తెచ్చి యిచ్చినవానికి బహుమానముగా తలపాగా గుడ్డ యొకటియు, అర వరహాయో ఒక వరహాయో, దానితో కొంత బియ్యమును పళ్లెమెడు చక్కెరయు ముట్టునట. రాజునకు ప్రతి యమ్మకముమీదను నూటికి రెండు చొప్పున సుంకము చెల్లవలెను. పనివాండ్రు రాళ్లను మ్రింగి దాచుట కలదని చెప్పి, కూలి యింత తక్కువయగుటచేతనే వారు దానికి వెనుదీయరని ఆ వర్తకుడే యొప్పుకొనెను. లాభము కొఱకు వచ్చిన పరదేశికి తోచిన యీ న్యాయము మన దొరలకు తోచకుండుట శోచనీయము.

ఆ యాత్రలలో టావెర్నియరు మన దేశమున కొన్న రాళ్లలో ఒకటి నీలవజ్రము. అది కొల్లూరు గనిదని పండితులు పెక్కుమంది తలచుచున్నారు. నేటి లెక్కకు 115 కారట్లు, అనగా 23 గ్రాములు. 1668లో ఆయన దానిని మఱికొన్ని వజ్రములతో గూడ ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీకి విక్రయించెను. ఈ యొక్క రాతికే రాజు 220,000 లీవ్రులు వెల గట్టెను. 1673లో ఆస్థానపు రత్నకారుడు పిటో దానిని కొత్తగా చెక్కెను. మన దేశపు పనివారు బరువు పోకుండ చెక్కుదురు; ఆ దేశపువారు మెఱుపు కొఱకు బరువును విడుతురు. కావున రాతి బరువు 67 కారట్లకు దిగినది. 1749లో పదునైదవ లూయీ దానిని తన బిరుదుపతకమున పొదిగించెను. ఫ్రెంచి విప్లవకాలమున, 1792 సెప్టెంబరులో, దొంగలు కోశాగారమున చొరబడి రాజాభరణములను దోచుకొనిరి. నీలవజ్రము మాయమైనది.

ఇరువదేండ్ల వఱకు దాని జాడ లేదు. 1812 సెప్టెంబరులో లండను నగరమున ఒక వర్తకునియొద్ద 45 కారట్ల నీలవజ్ర మొకటి కనబడినది. దొంగతనమునకు శిక్షింపదగిన యిరువదేండ్ల గడువు ఫ్రాన్సులో సరిగా అప్పుడే తీరియుండుట గమనింపదగినది. ఈ రాయి ఆ పోయిన రాయియే యని చాలకాలము ఊహ మాత్రముండెను. 2007లో పారిసు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో పాతరాతికి సీసముతో పోసిన నకలు దొరకుటతో సందేహము తీఱినది. 1839 నాటికి అది హోపు అను ధనికుని సంగ్రహమున జేరి యాతని పేరనే ప్రసిద్ధి కెక్కినది. ఆ వంశములోని ప్రభువొకడు అప్పులు తీర్చుటకు 1901లో దాని నమ్మివేసెను. చేతులు మాఱి 1911లో అమెరికాలోని మెక్లీను అను ధనికురాలిని చేరినది. ఆమె మరణానంతరము 1949లో దానిని కొన్న వర్తకుడు విన్‌స్టను 1958 నవంబరులో వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థకు దానమిచ్చెను. పంపినది రిజిస్టరు తపాలాలో! నేటికిని అది యచ్చటనే 45.52 కారట్ల తూకముతో నున్నది. ఎవరైనను పోయి చూడవచ్చును.

ఇక శాపము మాట. టావెర్నియరు ఈ రాతిని ఒక దేవతావిగ్రహపు కంటినుండి పెఱికెననియు, అందుచే శాపము తగిలి కుక్కలచే చీల్చబడి చచ్చెననియు, దానిని ధరించినవారెల్లరు నాశనమైరనియు నొక కథ 20వ శతాబ్ది మొదటి యేండ్లలో పత్రికలవారును వర్తకులును ప్రబలింపజేసిరి. విచారింతము. టావెర్నియరు 1605లో పుట్టి, ధనమును బిరుదమును గడించి, ఎనుబదేండ్లు దాటిన పిమ్మట 1689లో రష్యా దేశమున మరణించెను. పదునాలుగవ లూయీ 72 ఏండ్లు రాజ్యమేలెను. అంత దీర్ఘమైన యేలుబడి యూరపు రాజులలో మఱియొకనికి లేదు. శాపము ఇట్లుండునేని దానిని కోరువారే యెక్కువ యుందురు. పదునాఱవ లూయీయు ఆతని రాణియు 1793లో శిరచ్ఛేదము పొందుట నిజమే. కాని రొట్టె దొరకక వీథుల కెక్కిన ప్రజల కోపమును, పన్నుల బరువును, ప్రభువుల దుబారాను మఱచి ఆ నేరము రాతిపై మోపుట చరిత్ర కాదు, తలగడ పరీక్షయే. మెక్లీను కుమారుడు 1919లో మోటారుబండి తగిలి మరణించెను. ఆ తల్లి దుఃఖము నిజము. అట్టి దుఃఖము వజ్రమెఱుగని యిండ్లలోను గలదు.

ఆ రాతికి అతినీలలోహిత కిరణములు తగిలించి, దీపము మలిపినచో కొంతసేపు నిప్పుకణికవలె ఎఱ్ఱగా వెలుగును. శాపవాదులకు ఇది గొప్ప సాక్ష్యము. ఇట్టి వెలుగు, ఎఱుపో నీలమో, బోరాను గల వజ్రములలో పెక్కింటికి గలదు. ఒక్కొక్క రాతి వెలుగు ఒక్కొక్క తీరున నుండుటచే రాతిని గుర్తించుటకు వ్రేలిముద్రవలె నది యుపయోగించునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. భయపడువానికి కొఱవిదయ్యమైనది పరీక్షించువానికి పనిముట్టైనది.

నేడు నీలవజ్రముల ముఖ్యమైన యాకరము దక్షిణాఫ్రికాలోని కులినన్ గని. అచ్చట 2021లో దొరకిన రాతినుండి చెక్కిన 15.10 కారట్ల నీలవజ్రము 2022లో హాంగ్‌కాంగు వేలములో 5 కోట్ల 70 లక్షల డాలరులకు పైగా పలికినది. మూడు గ్రాముల వస్తువునకు ఈ వెల! ఇంతలో నింకొక విచిత్రము. కర్మశాలలలో బోరాను చేర్చి నీలవజ్రములను ఇప్పుడు తయారు చేయుచున్నారు. వన్నెయు, కాఠిన్యమును, విద్యుత్ప్రవాహ గుణమును గూడ వానికి గలవు, వెలయో బహుస్వల్పము. తెల్లవజ్రమునకు కిరణములు సోకించి నీలివన్నె తెప్పించుటయు గలదు. కావున మన గృహిణులు నీలవజ్రమను పేరు విన్నంతనే మోసపోక, ప్రయోగశాల యిచ్చిన యోగ్యతాపత్రమును చూచినగాని సొమ్ము చెల్లింపరాదు. మఱి పదార్థ మొక్కటియే యైనపుడు వెలలో నింత భేదమేల? సహజమైన రాతిలో మనము కొనునది వన్నె కాదు. కాలమును, లోతును, దానిని వెదకి తెచ్చిన మనుష్యుల శ్రమను కొనుచున్నాము. మొదటి రెంటికి వెల పుచ్చుకొనువారు లేరు. మూడవదానికి ఉన్నారు, వారికి దక్కినది యేడాదికి మూడు వరహాలు.

శాపకథ యింత కాలము నిలుచుటకు కారణ మిచ్చటనే యున్నదని మాకు తోచుచున్నది. ఆ కథ సుఖమైన కథ. దేవుని కన్ను పోయినది, దేవుడే పగ తీర్చుకొనెను, లెక్క సరి. వినువారెవరికిని ఋణపడి యుండనక్కఱలేదు. నిజమైన కథలో విగ్రహము లేదు. నడుము వంచి మట్టి మోసిన స్త్రీలున్నారు, చదువుకొనవలసిన యీడున గంపలెత్తిన పిల్లలున్నారు. రాజుల పేర్లు, రత్నకారుల పేర్లు, దోపిడికి గురియైన కోశాగారము తేదీతోసహా గ్రంథముల కెక్కినవి. ఆ రాతిని మట్టినుండి వేఱుచేసిన చేయి యెవరిదో మాత్రము ఏ గ్రంథమునను లేదు.

కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నది. రాయలసీమలో తొలకరివానలు కురిసినపుడు జొన్నగిరి, వజ్రకరూరు ప్రాంతములలో పేదవారు కుటుంబములతో పొలములకు పోయి వంగి వంగి రాళ్లు వెదకుట నేటికిని జరుగుచున్నది. దొరకిన రాతికి వర్తకుడు చెప్పినదే వెల. రాతి నిజమైన వెల తెలియనివాడే దానిని కనుగొనుట, తెలిసినవాడే లాభమందుట అను పాతరీతి నీట మునుగలేదు. విద్యయు, తూనికయు, న్యాయమైన వెల కట్టు ఏర్పాటును వారి యూరికి చేరినగాని అది మాఱదు.

వాషింగ్టనులోని రాతిని తెచ్చి యిండని మేము కోరుట లేదు. దాని కథను సరిగా చెప్పుకొందమని మాత్రము కోరుచున్నాము. మన యింటి పిల్లలు నీలవజ్రపు శాపమును గూర్చి యడిగినపుడు, రాయి యెవరిని శపింపదని చెప్పుడు. పిదప ఆ మట్టిని చెఱిగిన తల్లుల మాట చెప్పుడు. ఏదైన రత్నమును చేత బట్టినపుడు ఇది నాకు పడునా యని యడుగుట మాని, ఇది యెవరి చేతినుండి వచ్చినది, వారికేమి ముట్టినది యని యడుగుట నేర్చిననాడు మన తలగడల క్రింద రాళ్లుంచుకొనవలసిన పని యుండదు.